ముందున్న ముప్పు.. ఎదురొచ్చే లారీ చెబుతుంది!

బొంరాస్‌పేట: తుంకిమెట్ల మీదుగా సాగే హైదరాబాద్‌-బీజాపూర్‌ జాతీయ రహదారిపై ఎదురొచ్చే లారీ రెండుసార్లు దీపాలు వెలిగించి ఆర్పితే చోదకులకు విషయం అర్థమైపోతుంది. ముందు తనిఖీ ఉండవచ్చు, బోల్తా పడిన వాహనం ఉండవచ్చు. ఏమిటన్నది మాత్రం తెలియదు. ఆ కబురునే వివరంగా, రేడియో తరంగాలతో చేరవేసేది వాహనాల మధ్య వైర్‌లెస్‌ సమాచార వ్యవస్థ.

ఇందులో ప్రతి వాహనానికీ ఒక పరికరం అమరుస్తారు. వాహనం ఎక్కడున్నదీ, ఎంత వేగంతో ఎటు వెళ్తున్నదీ, బ్రేకు పడిందా లేదా అన్నదీ సెకనుకు పదిసార్ల వరకు చుట్టుపక్కల వాహనాలకు అది పంపుతుంది. సెల్‌ టవరుతో పని లేదు. అడ్డంకులు లేనిచోట సందేశం 300 మీటర్లకు పైగా అందుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అంటే 300 మీటర్ల ముందు ఆగిన లారీ సంగతి తెలిస్తే చోదకుడికి సుమారు 18 సెకన్ల వ్యవధి చిక్కుతుంది. చీకట్లో కంటికి కనిపించే దాకా ఆగితే మిగిలేది కొద్ది సెకన్లే.

రద్దీ ఎక్కువైతే మరో చిక్కు. అన్ని వాహనాలూ ఒకే కబురును తిరిగి పంపితే, జాతరలో అందరూ ఒక్కసారే కేకలేసినట్లు ఎవరికీ వినపడదు. అందుకే సందేశం అందుకున్న వాటిలో అన్నిటికన్నా దూరాన ఉన్న వాహనం ముందుగా పంపేలా, మిగిలినవి మిన్నకుండేలా ఏర్పాటు చేస్తారు.

రాత్రి వేళ పరిగి-కొడంగల్‌ దారిలో పరిస్థితి వేరు. వెనుక మరో వాహనమే ఉండకపోవచ్చు. అప్పుడు అవతలి వైపు వెళ్లే లారీయే వార్తాహరి. ప్రమాద స్థలం దాటుతూ అందుకున్న సందేశాన్ని దాచుకుని, అయిదు కిలోమీటర్ల అవతల ఎదురైన బస్సుకు అందిస్తుంది. తరంగానికి రెప్పపాటు పట్టే పని, లారీ మోస్తే అయిదు నిమిషాలు. అయినా మేలే.

ఇదే రహదారిపై చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద 2025 నవంబరు 3న తాండూరు నుంచి వెళ్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్‌ ఢీకొని 19 మంది మరణించారు. పరికరం ఉంటే ఆ ఘోరం తప్పేదని చెప్పలేం. ఇరుకు దారిని అది వెడల్పు చేయదు. అయితే అదుపు తప్పి ఎదురొచ్చే వాహనం గురించి హెచ్చరించడం ఈ విధానం పనుల్లో ఒకటి. హైదరాబాద్‌ ఐఐటీ, మారుతీ సుజుకీ 2022లో ఇలాంటి ప్రదర్శనే ఇచ్చాయి. అంబులెన్స్‌ రాకను, తప్పుదారిలో వచ్చే వాహనాన్ని ముందే తెలపడం అందులో చూపారు.

బస్సుకు ఉండి టిప్పర్‌కు లేకపోతే ప్రయోజనం సున్నా. కొత్త కార్లకు కంపెనీలే బిగించవచ్చు. పాత లారీలకు, వెనుక దీపమైనా లేని ట్రాక్టరు ట్రాలీలకు ఎవరు బిగిస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారన్నదే తేలాలి.