ఆట ఆదోనిలో, ఆటగాడు ఎమ్మిగనూరులో

పత్తి వ్యాపారానికి పేరుపొందిన ఆదోనిలో మీరున్నారనుకోండి. చేనేతకు పేరుపొందిన ఎమ్మిగనూరులో మీ మిత్రుడున్నాడు. మీ కంప్యూటర్‌లోనే మైన్‌క్రాఫ్ట్ ఆటను నడుపుతూ, అతణ్ణి అందులోకి రమ్మని పిలిచారు. ఇద్దరి ఇళ్లలోనూ ఇంటర్నెట్ చక్కగా పనిచేస్తోంది. అయినా అతడు మీ ఆటలోకి రాలేకపోతున్నాడు. ఎందుకని?

దూరం వల్లనా? కాదు. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా గాజుతీగలు లాగింది. అటువంటి తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 30 కిలోమీటర్లు దాటడానికి సెకనులో ఆరువేలవ వంతు కూడా పట్టదు! సంకేతం హైదరాబాదు చుట్టి వచ్చినా రెప్పపాటు కంటే తక్కువే. మరి అడ్డు ఎక్కడుంది? మీ ఇంటి గోడకున్న రూటర్‌ను చూడండి.

చిరునామాల కరువు

ఉత్తరం చేరాలంటే చిరునామా కావాలి కదా! ఇంటర్నెట్‌లోనూ అంతే. నేటికీ విరివిగా వాడుతున్న పాత పద్ధతిలో చిరునామాకు 32 బిట్లుంటాయి. ఒక్కొక్క బిట్టు 0 గాని, 1 గాని కావచ్చు. కనుక 2ను 32 సార్లు వేసి హెచ్చిస్తే మొత్తం చిరునామాలెన్నో తెలుస్తుంది. దాదాపు 430 కోట్లు. ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది! ప్రపంచమంతటికీ పంచడానికి మిగిలిన చివరి చిరునామాల కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి.

ఈ కరువును ముందే ఊహించి 1994లో ఇంజనీర్లు ‘నాట్’ అనే ఉపాయాన్ని ప్రకటించారు. దాని ప్రకారం ఇల్లంతటికీ బయట ఒక్కటే చిరునామా. లోపలి యంత్రాలకు సాధారణంగా 192.168తో మొదలయ్యే అంకెలను రూటరే ఇస్తుంది. ఏ యంత్రం బయటి నుండి ఏమి అడిగిందో పట్టికలో రాసుకుని, జవాబు రాగానే దానికి అందిస్తుంది.

మీ మిత్రుడు పంపింది జవాబు కాదు, పిలుపు. పట్టికలో దాని ఊసే లేదు. ఒకే గేటున్న మార్కెట్ యార్డుకు, ఏ దుకాణానికి పోవాలో చెప్పలేని పత్తి బండి వచ్చినట్లన్నమాట. కాపలాదారు దాన్ని లోనికి పోనివ్వడు.

తలుపు తెరవడం ఎలా?

కాపలాదారుకు ముందుగానే చెప్పి ఉంచాలి. ఒక్కో చిరునామాకు 0 నుండి 65,535 వరకు పోర్టులనే తలుపులుంటాయి. మైన్‌క్రాఫ్ట్ జావా రకం మామూలుగా 25565వ పోర్టును వాడుతుంది.

ఇంట్లో పెద్దలతో కలిసి రూటర్ అమరికల పేజీ తెరవండి. దాని వివరాలు తరచు రూటర్ అడుగున అంటించి ఉంటాయి. ముందు మీ కంప్యూటర్ లోపలి చిరునామా మారకుండా స్థిరపరచండి. అది 192.168.1.20 అనుకుందాం. తర్వాత ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ అనే చోట, 25565కు వచ్చే టీసీపీ పిలుపులను 192.168.1.20కి పంపమని రాయండి. కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనూ ఆటకు అనుమతివ్వండి. ఇక బయటి చిరునామాను మిత్రుడికి చెప్పవచ్చు.

జాగ్రత్త! తెరిచిన తలుపుకు మీ మిత్రుడెవరో, దొంగ ఎవరో తెలియదు. తెరిచిన పోర్టుల కోసం వెతికే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. అందుకని ఒక్క పోర్టునే తెరవండి. ఆటలోని ‘వైట్‌లిస్ట్’లో మిత్రుల పేర్లు మాత్రమే రాయండి. ఆట ముగిశాక ఆ నియమాన్ని తీసివేయండి.

మీరే చేసి చూడండి

ఇంత చేసినా మిత్రుడు రాలేకపోతే ఈ పరీక్ష చేయండి. రూటర్ పేజీలో ‘వాన్’ అనే చోట ఉన్న చిరునామాను రాసుకోండి. మీ చిరునామా చూపే ఏదైనా వెబ్‌సైటు చెప్పే అంకెతో పోల్చండి. రెండూ ఒకటైతే తాళంచెవి మీ చేతిలోనే ఉంది. వేరైతే, ముఖ్యంగా మొదటిది 100.64 నుండి 100.127 లోపు మొదలైతే, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ కూడా అనేక ఇళ్లను ఒకే చిరునామా వెనుక ఉంచిందన్నమాట. ఆ పెద్ద గేటు మీ మాట వినదు. ప్రత్యేక చిరునామా ఇమ్మని సంస్థనే అడగాలి.

మరో దారి కొత్త పద్ధతి, ఐపీవీ6. ఇందులో 128 బిట్లు. మొత్తం చిరునామాలు సుమారు 34 పక్కన 37 సున్నాలు! రెండిళ్లలోనూ ఇది ఉంటే ప్రతి యంత్రానికీ సొంత చిరునామా దొరుకుతుంది. అయితే అక్కడా రూటర్ కాపలా కాస్తూనే ఉంటుంది. ఎవరిని రానివ్వాలో మీరే చెప్పాలి.