కంప్యూటరు మొరాయిస్తే దస్త్రాల గతేమిటి?
రెండో ప్రతి లేకుంటే నష్టమే.. బ్రౌజరు ఎంపికలోనూ జాగ్రత్త అవసరం

గుడివాడ: పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ ప్రతి, పిల్లల మార్కుల జాబితాలు, పెళ్లి ఫొటోలు, దుకాణం లెక్కలు.. ఒకప్పుడు ఇనుప బీరువాలో ఉండేవన్నీ ఇప్పుడు కంప్యూటరులోకి చేరాయి. బీరువాకు తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకునేంత జాగ్రత్తపరులు సైతం కంప్యూటరులోని సమాచారానికి రెండో ప్రతి ఉంచుకోవడంపై శ్రద్ధ చూపడం లేదు. హార్డ్‌డిస్క్ చెడిపోయిన రోజున మరమ్మతు దుకాణానికి పరుగెత్తడం, అక్కడ కాదంటే నగరంలోని రికవరీ కేంద్రానికి పంపడం, వేలాది రూపాయలు చెల్లించినా సగం దస్త్రాలైనా తిరిగి రాకపోవడం పరిపాటిగా మారింది. ఈ నేపథ్యంలో ఇంట్లో, చిన్న కార్యాలయంలో ఒకటి రెండు కంప్యూటర్లు ఉన్నవారు సమాచారాన్ని ఎలా భద్రపరచుకోవాలో, అంతర్జాలంలోకి ఏ బ్రౌజరు ద్వారా వెళ్లాలో తెలుసుకోవడం అవసరం.

'డి' డ్రైవ్‌ను నమ్ముకోవద్దు

'సి' పాడైనా 'డి'లో ఉన్నాయిలే అన్న ధీమా చాలామందిలో కనిపిస్తుంది. నిజానికి సి, డి, ఇ అన్నవి ఎక్కువ కంప్యూటర్లలో ఒకే హార్డ్‌డిస్క్‌ను విభజించి పెట్టిన గదులు మాత్రమే. విండోస్ దెబ్బతిని ఫార్మాట్ కొట్టవలసి వచ్చినప్పుడు డి డ్రైవ్ మిగులుతుంది. అంతవరకే దాని రక్షణ. డిస్క్ తిరగడం ఆగిపోయినా, పిడుగుపాటుకు దాని బోర్డు కాలిపోయినా అన్ని గదులూ ఒకేసారి పోతాయి. పైగా డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్ సంచయంలో పెట్టుకున్నవన్నీ సాధారణంగా సి డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి మెకానిక్ ఫార్మాట్ ముగించాక గానీ చాలామందికి తెలియదు.

ఫొటోల భద్రత గురించి రాసిన అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ విషయంలో అందరూ అనుసరించదగినది. ముఖ్యమైన ప్రతి దస్త్రానికీ మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. కంప్యూటరులో ఉన్నది ఒకటి, విడిగా కొనుక్కున్న హార్డ్‌డిస్క్‌లో ఒకటి, నెట్‌లోనో మరో ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లోనో మూడోది.

దూరంగా ఎందుకన్న ప్రశ్నకు కృష్ణా తీరవాసులకు వేరే సమాధానం అక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీటిలో నానాయి. నేల అంతస్తులో ఉన్న కంప్యూటరు, దాని పక్కనే సొరుగులో ఉన్న బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే నీటిలో మునుగుతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను నాటి పరిస్థితీ ఇటువంటిదే. దొంగతనం, అగ్నిప్రమాదం విషయంలోనూ ఇదే లెక్క.

ఏ సాధనం ఎంత మేలు?

సాధారణ అవసరాలకు యూఎస్‌బీతో పనిచేసే 1 టీబీ బయటి హార్డ్‌డిస్క్ ఇప్పటికీ అనువైనది. కంప్యూటరు, డిస్క్ రెండింటిలోనూ యూఎస్‌బీ 3.0 ఉంటే 100 జీబీ సమాచారం ఇరవై నిమిషాల అటూఇటుగా ఎక్కుతుంది. పాత యూఎస్‌బీ 2.0 అయితే గంట పడుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేల సంఖ్యలో ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. లోపల పలక తిరుగుతూ ఉంటుంది గనుక పనిచేస్తుండగా కింద పడేస్తే ఈ డిస్క్ పనికిరాకుండా పోయే ప్రమాదం ఎక్కువ. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు, వేగమూ ఎక్కువే. అయితే విద్యుత్తు అందకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అందులోని సమాచారం క్షీణించే అవకాశం ఉంది. ఎస్ఎస్‌డీలో పొరపాటున చెరిపివేసిన ఫైళ్లను తిరిగి రాబట్టడం హార్డ్‌డిస్క్‌లో కంటే చాలా కష్టం.

పెన్‌డ్రైవ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లే సంచిగా భావించాలే తప్ప భోషాణంగా కాదు. తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ అంటూ అమ్మే పెన్‌డ్రైవ్‌లలో నకిలీలు విస్తారం. లోపల 16 జీబీయో 32 జీబీయో ఉండి, కంప్యూటరుకు మాత్రం పెద్ద అంకె చూపేలా వాటిని మారుస్తారు. నింపేటప్పుడు తేడా తెలియదు. తెరిచి చూసినప్పుడే ఫైళ్లు లేవని బయటపడుతుంది. ఇక సీడీ, డీవీడీల కాలం దాదాపు ముగిసినట్లే. డీవీడీలో పట్టేది 4.7 జీబీ. పెళ్లి వీడియోలు డీవీడీల్లో మాత్రమే ఉన్నవారు, వాటిని చదివే డ్రైవ్ దొరుకుతున్నప్పుడే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోవడం మంచిది.

బ్యాకప్ తీసుకున్న వెంటనే డిస్క్‌ను కంప్యూటరు నుంచి విడదీయాలి. దీనికి కారణం 2017 మే 12న వెలుగు చూసిన 'వాన్నక్రై'. కంప్యూటరులోని దస్త్రాలకు సంకేత తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని బెదిరించిన ఆ కార్యక్రమం ప్రపంచాన్ని చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతం దాని బారిన పడ్డాయి. దీన్ని అడ్డుకునే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చిలో విడుదల చేసింది. నవీకరణలు వేయని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఇటువంటి రాన్సమ్‌వేర్ కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్క్‌నూ వదలదు.

నెట్‌లో దాస్తే..

గూగుల్ ఖాతాకు 15 జీబీ, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌కు 5 జీబీ చొప్పున ఉచితంగా స్థలం లభిస్తుంది. ధ్రువపత్రాలు, పాసుపుస్తకాలు, దస్తావేజుల స్కాన్ ప్రతులకు ఇది చాలు. ఫొటోలకు చాలదు. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేకుండా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. ఆ తర్వాత ఎక్కించినవన్నీ 15 జీబీ లెక్కలోకే వస్తాయి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో ఎక్కించినా 100 జీబీకి సుమారు 22 గంటలు పడుతుంది. పల్లెల్లో కరెంటు, నెట్ రెండూ అంతసేపు నిలకడగా ఉండటం అనుమానమే.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ కార్యక్రమాలు చేసేది ప్రధానంగా అనుసంధానం. కంప్యూటరులో ఒక ఫైలు చెరిపితే నెట్‌లోనూ చెరుగుతుంది. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆపై ఉండదు. పిల్లలు ఆడుకుంటూ ఒక సంచయాన్ని తొలగించి, ఆ సంగతి రెండు నెలల తర్వాత బయటపడితే చేయగలిగింది స్వల్పం. రెండేళ్ల పాటు వాడని గూగుల్ ఖాతాలను తొలగించే విధానం కూడా 2023 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది. దాచడానికే ప్రత్యేకంగా ఖాతా తెరిచి మరిచిపోయేవారు ఈ విషయం గమనించాలి.

విండోస్ 10, 11లలో ఉన్న 'ఫైల్ హిస్టరీ' సౌకర్యం ఇందుకు భిన్నమైనది. కంట్రోల్ ప్యానెల్‌లో దీనిని ప్రారంభించి, బయటి డిస్క్‌ను చూపితే మారిన ఫైళ్ల పాత రూపాలను కూడా తేదీల వారీగా దాస్తుంది. నిన్నటి లెక్కల పట్టిక మీద పొరపాటున వేరొకటి సేవ్ చేసినా పాతదాన్ని వెలికి తీయవచ్చు. అయితే డిస్క్ తగిలించి ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. వారానికోసారి, అంటే ఆదివారమో సంత రోజో, డిస్క్ తగిలించి ప్రతి తీయించి విడదీయడం చిన్న కార్యాలయాలకు సరిపోతుంది.

డీటీపీ, టాలీ వినియోగదారులకు..

మన ప్రాంతపు డీటీపీ కేంద్రాల సమస్య వేరు. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవే. ఫైలు భద్రంగా ఉన్నా ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంకాని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ విషయానికొస్తే 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద మార్పులతో మరొకటి రాలేదు. కాబట్టి ఇటువంటివారు పేజ్‌మేకర్ ఫైలుతో పాటు దానిలో వాడిన ఫాంట్లు, అతికించిన బొమ్మలు, ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లను ఒకే సంచయంలో ఉంచాలి. పూర్తయిన ప్రతి పనికీ ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్ తీసి దాచాలి. పుస్తకాల వంటి పెద్ద రచనలను యూనికోడ్‌లోకి మార్చి ఉంచుకుంటే మరో పదేళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు. రచయిత చేతిరాత ప్రతి ఎప్పుడో చిత్తుకాగితాల్లో కలిసిపోయి ఉంటుంది గనుక, ఒక్కోసారి డీటీపీ ఫైలే ఆ పుస్తకానికి మిగిలిన ఏకైక ఆధారం.

టాలీలో లెక్కలు రాసే వ్యాపారులు డేటా సంచయం ఎక్కడుందో తెలుసుకోవాలి. చాలా కంప్యూటర్లలో అది సి డ్రైవ్‌లోనే ఉంటుంది. టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై మీటలు కలిపి నొక్కితే వచ్చే జాబితాలో బ్యాకప్ ఉంటుంది. అక్కడ బయటి డిస్క్‌ను చూపితే సరిపోతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను దాఖలు గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలి. హార్డ్‌డిస్క్ పోయిందన్న కారణంతో ఆ బాధ్యత తీరదు.

ఏ పద్ధతిలో దాచినా మూణ్నెల్లకోసారి బ్యాకప్ డిస్క్‌ను మరో కంప్యూటరుకు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. తెరుచుకోని ప్రతి ఉన్నా లేనట్టే.

బ్రౌజరు సంగతి

ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు ఉండేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప అవి సరిగా కనిపించేవి కావు. ఫైర్‌ఫాక్స్ వాడేవారు 'పద్మ' అనే అదనపు ఉపకరణంతో వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుని చదివేవారు. యూనికోడ్ వ్యాప్తితో ఆ ఇబ్బంది తొలగింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విశ్రాంతి ఇచ్చింది. దానితో మాత్రమే తెరుచుకునే పాత వెబ్‌సైట్ల కోసం ఎడ్జ్ బ్రౌజరులో ఐఈ మోడ్ ఉంది.

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా.. పేర్లు వేరైనా వీటన్నిటి మూలం క్రోమియమే. 2020 జనవరిలో ఎడ్జ్ సైతం ఇందులో చేరింది. వేరే మూలంతో నిలిచిన ప్రధాన బ్రౌజరు విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. దీని మెనూలు తెలుగులోనూ లభిస్తాయి. ప్రకటనలను అడ్డుకునే 'యూబ్లాక్ ఆరిజిన్' పూర్తి రూపం ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది, క్రోమ్ మాత్రం దానికి మద్దతు నిలిపివేసింది. 'మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అంటూ తెరను కప్పేసే మోసాలు ప్రకటనల ద్వారా కూడా వస్తున్నందున, పెద్దలు వాడే కంప్యూటరులో ఈ ఉపకరణం ప్రయోజనకరం. ఇక బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్లలో కొన్ని క్రోమ్‌ను దృష్టిలో ఉంచుకుని తయారైనవి కాబట్టి రెండోదిగా క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఉంచుకోవాలి. 4 జీబీ మెమరీ ఉన్న యంత్రంలో ఏ బ్రౌజరైనా ఇరవై ట్యాబులు తెరిస్తే నెమ్మదిస్తుంది, ఆ నింద ఒక్క క్రోమ్‌దే కాదు.

ఏ బ్రౌజరన్న దానికంటే అది తాజాగా ఉందా లేదా అన్నది ముఖ్యం. పాత విండోస్ 7లో పనిచేసే చివరి క్రోమ్ 109. అది 2023 జనవరిలో వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌తో ఆగిపోయింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు అదనపు భద్రతా నవీకరణలకు 2026 అక్టోబరు 13ను గడువుగా ప్రకటించారు. విండోస్ 11కు టీపీఎం 2.0, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. అవి లేని యంత్రాలను పారేయనక్కర్లేదు. నెట్ తీగ తీసేసి డీటీపీకి పరిమితం చేయవచ్చు, లేదా లినక్స్ వేసుకుని తాజా ఫైర్‌ఫాక్స్ వాడవచ్చు.

ఫార్మాట్‌కు ఇచ్చే ముందు బ్రౌజరులోని బుక్‌మార్కులను కూడా దాచుకోవాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఓ మీటలు నొక్కితే వచ్చే పుటలో వాటిని ఒకే ఫైలుగా తీసుకునే వీలుంది. పాస్‌వర్డ్‌లనూ అలాగే బయటకు తీయవచ్చు గానీ ఆ ఫైలులో అవి ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. కొత్తగా విండోస్ వేశాక వాటిని ఎక్కించుకుని ఆ ఫైలును చెరిపేయాలి, రీసైకిల్ బిన్‌లో నుంచి సైతం. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారు ఇంకో పని చేయాలి. వాటిలో డిస్క్ మొత్తానికి సంకేత తాళం ముందే పడి ఉండవచ్చు. దాన్ని తీసే 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. బోర్డు మార్చినప్పుడు అది అడిగితే మెకానిక్ ఏమీ చేయలేడు. ఆ అంకెలను కాగితంపై రాసి పాసుపుస్తకాల పక్కన బీరువాలో పెట్టాలి.