పులి తన ఫోటో తానే తీసుకున్నది

పిల్లలూ, పాతకాలపు పుస్తకాలలో పులుల ఫోటోలు చూడండి. పులి నేలమీద పడి ఉంటుంది. దాని మీద ఒక కాలు వేసి, చేత తుపాకి పట్టుకుని, ఏ దొరగారో, ఏ జమీందారుగారో నిలబడి ఉంటారు. చచ్చిన పులి కదలదు కనక ఫోటో తీసేవాడికి భయమూ లేదు, శ్రమా లేదు. ప్రాణంతో ఉన్న పులి తన అడవిలో తన దారిన నడిచిపోతూ ఎట్లా ఉంటుందో ఆ రోజుల్లో చాలామందికి తెలియనే తెలియదు.

ఆ వింతను లోకానికి చూపించినవాడు ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్. ఈయన 1893లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి పురుగులను గురించి జీవితమంతా పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడు. అన్న హారీ మన దేశపు అడవులను రకరకాలుగా విభజించి 1936లో ఒక పుస్తకం రాశాడు. అడవుల చదువు చదివేవారికి ఆ పేరు ఇప్పటికీ బాగా తెలుసు. ఛాంపియన్ 1913లో ఇండియాకు వచ్చి మొదట పోలీసు శాఖలో పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో ఉండి, యుద్ధం ముగిశాక అడవి ఆఫీసరై, హిమాలయాల పాదాన ఉన్న శివాలిక్ కొండలలో కాపురం పెట్టాడు.

ఆ కాలంలో అడవి ఆఫీసరు అంటే వేటగాడన్న మాటే. పులిని చంపినవాడికి సర్కారు బహుమతి కూడా ఇచ్చేది! కాని ఛాంపియన్‌కు వేట అంటే ఇష్టం లేదు. ఆయన తుపాకికి బదులు కెమేరా పట్టాడు.

పట్టాడు సరే, ఫోటో తీయటం ఎట్లా? పులి తిరిగేది ఎక్కువగా రాత్రిపూట. అది మనిషి అలికిడి వినీ వినకముందే పొదలో మాయమవుతుంది. ఛాంపియన్ ఏనుగు నెక్కి పగటిపూట కొన్ని జంతువులను ఫోటో తీశాడు. రాత్రివేళకు మాత్రం ఒక ఉపాయం చేశాడు. ఆ ఉపాయానికి అమెరికాలో జార్జి షైరస్ అనే ఆయన అంతకుముందే దారి వేసి పెట్టాడు. ఆయన రాత్రివేళ తీసిన 74 ఫోటోలు 1906 జూలైలో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రికలో పడ్డాయి. శాస్త్ర పత్రిక కాస్తా బొమ్మల పుస్తకమయిపోతున్నదని ఆ పత్రికవారిలో ఇద్దరు పెద్దమనుషులు కోపించి తప్పుకున్నారట! పెద్దలు కూడా ఒక్కొక్కప్పుడు ఇట్లా ఉంటారు.

ఉపాయం ఇది. పులి పాదాలు మెత్తన. ముళ్ళలోనూ రాళ్ళలోనూ నడవటం దానికి ఇష్టం ఉండదు. అడవిలో బండ్లబాట గాని, ఎండిన వాగులోని ఇసుక గాని కనిపిస్తే ఆ దారినే పోతుంది. అది నడిచిన చోట ఇసుకలో అడుగుల గుర్తులు పడతాయి. ఆ గుర్తులు చూసుకుని, అదే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టాలి. పక్కన కెమేరా పెట్టాలి. దానితోపాటు మెగ్నీషియం కలిపిన మందు వెలిగే దీపం ఒకటి అమర్చాలి. మెగ్నీషియం మండితే కళ్ళు చెదిరే తెల్లని వెలుగు వస్తుంది. చీకటిపడే ముందు అన్నీ సర్దిపెట్టి ఫోటోగ్రాఫరు ఇంటికి పోయి పడుకోవచ్చు.

నడిరాత్రి పులి వస్తుంది. దాని కాలు తీగకు తగులుతుంది. తగలగానే భగ్గున మందు వెలగటమూ, కెమేరా కన్ను తెరుచుకు మూసుకోవటమూ రెప్పపాటులో జరిగిపోతాయి. పులి తన ఫోటో తానే తీసుకున్నదన్నమాట!

చెప్పటానికి సులువుగానే ఉన్నది. కాని మంచుకు మందు తడిస్తే వెలగదు. ఒక కెమేరాకు ఒక రాత్రికి ఒక్క ఫోటోయే. ఆ తీగను పులే తాకాలన్న నియమం లేదు. చిరుతపులో, ముళ్ళపందో, ఎలుగుబంటో ముందు రావచ్చు. ఛాంపియన్ వాటిని చూసి విసుక్కోలేదు. ఎవరూ పట్టించుకోని ఆ చిన్న జంతువుల బొమ్మలు కూడా భద్రంగా దాచాడు.

1925 అక్టోబరులో ఆయన తీసిన పులి ఫోటో 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' మొదటి పేజీ ఎక్కింది. 1927లో ఆయన మొదటి పుస్తకమూ, 1934లో రెండోదీ వచ్చాయి. రెండో పుస్తకం పేరులోనే అడవితోపాటు ఎండా నీడా కూడా ఉన్నాయి. అది ఊరికే పెట్టిన పేరు కాదని నాకు తోస్తుంది. మనకు పులి నారింజరంగులో కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. జింక కంటికి ఆ రంగు తెలియదు. పులి ఒళ్ళూ పచ్చని ఆకులూ దానికి ఇంచుమించు ఒక్కటే. ఇక నల్లచారలు గడ్డి నీడలలో కలిసిపోతాయి. ఛాంపియన్ తీసిన నలుపు తెలుపు బొమ్మలలో పులి అడవిలోనుంచే పుట్టినట్టు ఉంటుంది.

ఆ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తూ ఆయన ఇంకొక సంగతి కనిపెట్టాడు. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా లేవు! ముప్ఫైమంది పిల్లల నోటుపుస్తకాలు అట్టలు లేకుండా ఇచ్చినా పంతులు చేతిరాత చూసి ఎవరిదేదో చెప్పేస్తాడు కదా! అట్లాగే చారలు చూసి ఏ పులి ఏదో పోల్చవచ్చు.

అడవులలో తుపాకి లైసెన్సులు తగ్గించాలనీ, మోటారు కార్లను లోపలికి రానీయకూడదనీ, జంతువులను చంపినందుకిచ్చే బహుమతులు తగ్గించాలనీ ఛాంపియన్ వాదించాడు. కుమావూన్‌లో పెద్ద వేటగాడని పేరున్న జిమ్ కార్బెట్ కూడా ఆయన ప్రభావంవల్ల కెమేరా పట్టాడు. ఛాంపియన్ 1947లో ఇండియా విడిచి వెళ్ళి, 1970లో చనిపోయాడు.

ఆయన కనిపెట్టిన చారల సంగతిని మాత్రం మనవాళ్ళు చాలాకాలం వాడుకోలేదు. పులులను లెక్కించటానికి అడుగుల గుర్తులనే నమ్మారు. ఒకే పులి అడుగు మెత్తని మట్టిలో ఒక తీరుగా, గట్టి నేలమీద ఇంకొక తీరుగా పడుతుంది. దానితో లెక్కలు తప్పేవి. రాజస్థానంలో సరిస్కా అనే అడవి ఉన్నది. అక్కడ పులులున్నట్టు కాగితాల మీద ఉన్నది. 2005లో వెతికి చూస్తే ఒక్కటంటే ఒక్కటి లేదు! దొంగవేటగాళ్ళు అన్నిటినీ చంపేశారు. కాగితం మీద పులులు మటుకు క్షేమంగా ఉన్నాయి.

ఆ దెబ్బతో లెక్క పద్ధతి మారింది. ఇప్పుడు కెమేరాలను చెట్లకు కట్టి, చారలు పోల్చి లెక్కిస్తారు. తీగ అక్కర్లేదు, ఎదుట వేడి ఒళ్ళు కదిలితే చాలు, కెమేరా దానంతట అదే పనిచేస్తుంది. పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు. అందుచేత బాటకు రెండువైపులా ఎదురుబొదురుగా రెండు కెమేరాలు పెడతారు. మన నల్లమలలోనూ ఇట్లాగే లెక్కిస్తారు. ఆ అడవి కాపలాలో చెంచులు కూడా ఉన్నారు. ఏ వాగు దగ్గర పులి దిగుతుందో వారికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

2018-19లో దేశమంతటా 26,838 చోట్ల కెమేరాలు పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651 మాత్రమే. చారలు పోల్చి చూడగా అవి 2,461 పులులని తేలింది. చిరుతలవి మరి 51,777.

మరి ఇట్లాంటి కెమేరాలకు ఇంకేం దొరుకుతాయి? జింకలు, పందులు, నెమళ్ళు, కోతులు. తోక మాత్రం చిక్కి తల చిక్కనివి. మేతకు పోయే గొడ్లు, వాటి వెనక కర్ర భుజాన వేసుకున్న మనిషి, కట్టెలమోపుతో ఇంటికి పోయే అమ్మ. అదే బాట మీద సాయంత్రం ఆమె, తెల్లవారుజామున పులి.