ఆధారసూచికలు - తెలుగు పేర్లు

శాస్త్రవ్యాసమునందు ఆధారములను పేర్కొనుట పూర్వులయెడ కృతజ్ఞతకు గుర్తు మాత్రమే కాదు. మన మాటను స్వయముగా పరీక్షింపగోరు పాఠకునకు త్రోవ చూపుట. ఇందు ప్రసిద్ధమైన పద్ధతులు రెండు. కర్తృనామమును, ప్రచురణసంవత్సరమును వ్యాసములోనే కుండలీకరణములందు నిలుపుట హార్వర్డు పద్ధతి. హార్వర్డు విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు లారెన్స్ మార్కు 1881లో తన వ్యాసమున దీనిని వాడెను. ఇందు పట్టిక అకారాదిక్రమమున నుండును. ప్రస్తావించిన వరుసనే అంకెలిచ్చి పట్టిక కూర్చుట వాంకోవరు పద్ధతి. వైద్యపత్రికల సంపాదకులు 1978లో ఆ నగరమున సమావేశమైనందున దానికి ఆ పేరు కలిగెను.

రెండు పట్టికలందును ముందు ఇంటిపేరు, పిదప పొడి అక్షరములు. ఇచ్చటనే తెలుగువారికి చిక్కు. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర, మనకు మొదట. గిడుగు వేంకట రామమూర్తిగారిని ఒకరు ‘గిడుగు వే. రా.’ అనియు, కడపటి మాటయే ఇంటిపేరని భ్రమించి మరియొకరు ‘రామమూర్తి గి. వే.’ అనియు వ్రాసినచో ఒక్క కర్త ఇద్దరగును. ఆయన కృషి రెండుచోట్ల చీలిపోవును. విద్యార్థుల వ్యాసములందు ఈ పొరపాటును మేము పలుమార్లు చూచితిమి.

కావున పత్రిక కోరిన పద్ధతినే అనుసరింపవలెను. పేరును గ్రంథముఖపత్రమునుండియే గ్రహింపవలెను. పరుల పట్టికనుండి ఎత్తి వ్రాయరాదు. ఇంటిపేరేదో నిశ్చయించుకొని, ఒక్క రూపమునే తుదివరకు పాటింపవలెను. వ్రాతప్రతిని పంపుటకు ముందు వ్యాసములోని ప్రతి సూచనను పట్టికతోను, పట్టికలోని ప్రతి గ్రంథమును వ్యాసముతోను సరిచూడవలెను. ఈ పనికి పట్టునది ఒక్కపూట. దానిని మానినచో పాఠకుడు ఆ గ్రంథమునకై ఎన్నినాళ్లు వెదకవలసివచ్చునో చెప్పలేము.