పిల్లల ముంగిట్లోకి నడిచొచ్చిన బడి

అంగన్‌వాడీ అనే మాట వినని పల్లె ఇవాళ తెలుగునాట లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలో కలిపి ఈ కేంద్రాలు 90 వేలకు పైబడి ఉన్నాయి. ఆ పేరు చెప్పగానే మనకు గుర్తుకొచ్చేవి గుడ్డు, పాలు, బాలామృతం పొట్లం. ఆ పేరు వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఒక పంతులమ్మది. పసిపిల్లలకు చదువు ఎలా చెప్పాలన్న ప్రశ్నకు ఆమె జీవితమంతా వెచ్చించి వెతుక్కున్న జవాబు అది. మూడేళ్ళు నిండీ నిండకముందే పిల్లల చేత ఏబీసీడీలు దిద్దించే కాన్వెంట్లు సందుకొకటి వెలసిన ఈ రోజుల్లో ఆ జవాబు ఏమిటో తల్లిదండ్రులు ఒకసారి తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

ఆమె పేరు తారాబాయి మోదక్. 1892లో పుట్టారు. ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడమే అరుదైన రోజుల్లో బి.ఏ. చదివి, రాజకోటలోని ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1923లో ఆ ఉద్యోగం వదులుకుని, భావనగర్‌లో ఒక శిశు పాఠశాలలో చేరారు. పెద్ద కొలువు మాని పసిపిల్లల దగ్గర కూర్చోవడం ఏమిటని నలుగురూ ఆశ్చర్యపోయే సంగతే అది.

వకీలు పంతులైన వైనం

ఆ పాఠశాలను నడుపుతున్న గిజుభాయి బధేకా వృత్తిరీత్యా వకీలు. తన కొడుకును ఎలా పెంచాలా అని ఆలోచిస్తున్న కాలంలో ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిసోరి పద్ధతి గురించి చదివారు. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరి, 1920లో అక్కడే బాలమందిరం తెరిచారు. అక్కడ బెత్తం లేదు. బట్టీ లేదు. కథలు, పాటలు, నాటకాలు, తోటపని, ఇవే పాఠాలు. జనం ఆయనను 'మీసాల తల్లి' అని పిలుచుకున్నారు. ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది.

1926లో ఈ ఇద్దరూ నూతన బాలశిక్షణ సంఘాన్ని స్థాపించారు. అప్పటికి శిశు విద్య పట్నాల్లో కలిగినవారి పిల్లలకే దక్కుతున్నది. మాంటిసోరి బోధన సామగ్రి ఖరీదు పేదల ఊళ్ళకు అందేది కాదు. ఈ చదువును పల్లెకు తీసుకుపోవడం ఎలా అన్నదే తారాబాయిని వేధించిన ప్రశ్న. గిజుభాయి 1939లో కన్నుమూశారు. ఆ ప్రశ్న ఆమె భుజాల మీదే మిగిలింది.

రాని పిల్లల దగ్గరకు

1945లో ఆమె మహారాష్ట్ర సముద్ర తీరాన ఉన్న బోర్డీ గ్రామంలో బాలవాడి ప్రారంభించారు. చిన్న వయసులోనే వైధవ్యం పాలై, పట్టుదలతో చదువుకున్న అనుతాయి వాఘ్ ఆ ఏడే ఆమెకు తోడయ్యారు. ఊళ్ళోవారి పిల్లలు వచ్చారు. హరిజనవాడ పిల్లలు, ఆదివాసీ గూడేల పిల్లలు మాత్రం రాలేదు.

'పిలిచాం, రాలేదు, మేమేం చేస్తాం' అని చేతులు దులుపుకోవడం చాలాచోట్ల పరిపాటి. తారాబాయి ఆ పని చేయలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరకు పోవాలన్నారు. చాపలు, ఆట వస్తువులు చంకన పెట్టుకుని వాడలోకి వెళ్ళి, ఏదో ఒక ఇంటి ముంగిట్లో కూర్చున్నారు. పిల్లలకు ఒళ్ళు కడిగి, గోళ్ళు తీసి, తల దువ్వి, పాట అందుకున్నారు. ముంగిలిని అక్కడ 'అంగన్' అంటారు. ముంగిట్లో నడిచే బాలవాడి కనుక అది అంగన్‌వాడీ అయింది.

1957లో పని దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ ఉండేది ఎక్కువగా వార్లీ ఆదివాసులు. కాస్త పెద్ద పిల్లలు పొద్దున్నే పశువులను తోలుకుపోతారు. అందుకని పచ్చిక బీళ్ళలోనే బడి పెట్టారు. పశువులు మేస్తుంటే పిల్లలు చెట్టు నీడన చదువుకునేవారు. చంటివాళ్ళను ఎత్తుకోవలసి రావడం వల్ల ఆడపిల్లలు బడికి దూరమవుతున్నారని గమనించి శిశు సంరక్షణ కేంద్రం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటినీ ఒక్కచోటనే నడిపారు. అక్క చదువుకుంటుంటే తమ్ముడు పక్కనే ఆడుకునే ఏర్పాటన్నమాట.

చేయి ముందు, అక్షరం తర్వాత

ఆమె బోధనలో మూడు సంగతులు ముఖ్యమైనవి. బడి పిల్లవాడి బతుకుకు తగ్గట్టు మారాలి. పాఠం పిల్లవాడి చుట్టూ ఉన్న వస్తువులతోనే మొదలు కావాలి. అక్షరం కంటే ముందు చేయి, కన్ను, చెవి, నోరు సిద్ధం కావాలి.

ఖరీదైన సామగ్రి బదులు గింజలు, గవ్వలు, గులకరాళ్ళు, ఆకులు, పూలు తెచ్చారు. పెద్ద గింజలు ఒకవైపు, చిన్నవి ఒకవైపు ఏరితే అది లెక్కల తొలి పాఠం. బంకమట్టి పిసికి బొమ్మ చేస్తే అది రాతకు తొలి మెట్టు. కథ విని తిరిగి చెప్పగలిగితే అది చదువుకు పునాది.

ఇందులో శాస్త్రం ఉంది. మణికట్టులోని చిన్న ఎముకలు పుట్టిన కొద్ది నెలలకు మొదలుపెట్టి, పదేళ్ళ వయసు వచ్చేదాకా ఒక్కొక్కటిగా గట్టిపడుతుంటాయి. మూడేళ్ళ పిల్లకు వేళ్ళ మీద పట్టు పూర్తిగా రాదు. ఆ చేత పెన్సిలు పట్టించి పేజీలు నింపిస్తే చేయి నొప్పి పుడుతుంది, చదువంటే భయం పుడుతుంది. అదే చేయి చిక్కుడు గింజలు ఒలిచి, పూలు గుచ్చి, ముగ్గుపిండి పట్టి అలవాటు పడితే ఐదారేళ్ళకు అక్షరం తనంతట తానే కుదురుతుంది.

నిజానికి ఈ సామగ్రికి మన ఇళ్ళలో కొదవ లేదు. చింతపిక్కలాట లెక్క నేర్పుతుంది. గుజ్జనగూళ్ళు పదిమందితో పంచుకోవడం నేర్పుతాయి. ఒప్పులకుప్ప తిరిగితే ఒంటికి తూకం తెలుస్తుంది. పొడుపుకథ ఆలోచన నేర్పుతుంది. ఇవన్నీ మానిపించి, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో పిల్లచేత పద్యాలు అప్పజెప్పించడం ఎంతవరకు సబబో పెద్దలే ఆలోచించాలి.

పేరు మిగిలింది, పాఠం?

తారాబాయి 1973లో కన్నుమూశారు. రెండేళ్ళకు, 1975 అక్టోబరు 2న, కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఊరూరా వెలసిన దాని కేంద్రాలకు నిలిచిన పేరు అంగన్‌వాడీ. అనుతాయి కోస్‌బాడ్‌లోనే ఆ పని కొనసాగించి 1992లో మరణించారు.

ఆ పథకం మొదలైనప్పుడు పెట్టుకున్న ఆరు సేవల్లో పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతోపాటు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒకటి. తూకం వేసి చూడగలిగిన సేవల మీద అధికారుల చూపు నిలిచింది. తూకానికి అందని సేవ వెనకబడింది. రిజిస్టర్లు, ఫోనులో వివరాల నమోదు, సర్వేలు, సమావేశాలు పోగా పిల్లలతో కూర్చోవడానికి పొద్దు మిగలడం లేదన్నది కార్యకర్తల మొర. 'అక్కడ ఏమీ రాయించరు' అన్నది తల్లిదండ్రుల ఫిర్యాదు. ఆ ఫిర్యాదుతోనే కూలిపని చేసుకునే ఇంటివారు సైతం అప్పు చేసి, మూడేళ్ళ బిడ్డను కిక్కిరిసిన ఆటోలో పక్క ఊరి కాన్వెంటుకు పంపుతున్నారు. ఫీజు పోతున్నది. అంతకంటే విలువైన మూడేళ్ళ ఆట పోతున్నది.

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా గుర్తించి, ఆ దశలో ఆట ద్వారా చదువు ఉండాలన్నది. వీలైనంతవరకు ఇంటి భాషలో బోధించాలన్నది. బోర్డీ ముంగిట్లో 1945లోనే చేసి చూపిన పనికి కాగితం మీద ఆమోదం దొరికిందన్నమాట. కాగితం మీది మాట కేంద్రంలో కనబడాలంటే కార్యకర్తకు రోజూ రెండు గంటలైనా ఇతర పనులు అడ్డురాని సమయం దొరకాలి. ఆటవస్తువులకు ఏటా కొంత సొమ్ము అందాలి. ఆ శాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు గుడ్ల లెక్కతోపాటు పిల్లలకు ఎన్ని పాటలు వచ్చో కూడా అడగాలి.

తల్లిదండ్రులు చేయవలసినదీ కొంత ఉంది. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే 'ఇవాళ ఏం రాశావు' అని అడగడం మనకు అలవాటు. దాని బదులు 'ఏ కథ విన్నావు, ఎవరితో ఆడావు' అని అడిగి చూడండి. ఆ బిడ్డ చెప్పే జవాబులోనే ఆ రోజు చదివిన చదువు ఎంతో తెలిసిపోతుంది.