తాళపుచెవి వెంట నడచు కరెంటు

నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోవు రహదారిపై ఒకప్పుడు పెద్దమనుషుల పయనమనగా అంబాసిడరు పయనమే. 1991 ఉపఎన్నికలో పి.వి.నరసింహారావుగారు నంద్యాలనుండి లోక్‌సభకు ఎన్నికైన నాటికిని అధికారుల వాహనముగా ఆ కారునకే అగ్రస్థానము. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై, వంగదేశమందలి ఉత్తర్‌పారా కర్మాగారమున 1950వ దశాబ్దపు చివర రూపొంది, 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన యీ శకటమును నేటికిని ప్రీతితో కాపాడుకొనువారు గలరు. వారికి స్టీరియో, ఫోను ఛార్జరు, దారి చూపు జీపీఎస్ మొదలగు క్రొత్త పరికరములను అందు అమర్చుకొనవలెనను కోరిక కలుగుట సహజమే. ఆ పరికరములకు కరెంటు ఎచ్చటనుండి తీయవలెనన్నదే చిక్కు.

బ్యాటరీనుండి నేరుగా తీయుట అన్నిటికంటె సులభము. ఎన్నికల దినములలో మైకుసెట్టు కట్టిన కార్లకు అట్లే తీసెడివారు. ఇంజను ఆపి కూడలిలో నిలిచినను మైకు మాటలాడవలెను గనుక అది వారికి తగినదే. కాని అర ఆంపియరు మాత్రమే త్రాగు పరికరమును మరచి వదలినను, 60 ఆంపియర్-గంటల బ్యాటరీ అయిదు దినములలో పూర్తిగా ఎండును. సెల్ఫు తిరుగుట అంతకు చాల ముందే మానును. కావున తాళము త్రిప్పినప్పుడే కరెంటు వచ్చి, తీసినంతనే ఆగునట్టి తీగ కావలెను.

ఆంగ్లేయ కార్ల సంప్రదాయమున గోధుమరంగు తీగ బ్యాటరీనుండి తిన్నగా వచ్చునది. తెల్లనిది తాళము త్రిప్పిన పిదప ఇగ్నిషన్ కాయిలుకు పోవునది. ఆకుపచ్చనిది తాళము వెనుక, ఫ్యూజు దాటి వచ్చునది. దశాబ్దముల మరమ్మతులలో రంగులు తారుమారై యుండవచ్చును గనుక టెస్టు ల్యాంపు పెట్టి చూడనిదే ఏ రంగును నమ్మరాదు. చేతికి అందుబాటున నున్నదని తెల్లతీగను కోసి స్టీరియో తగిలించుట నా దృష్టిలో క్షమింపరాని పని: దానికి ఫ్యూజు లేదు, పైగా నిప్పురవ్వకు ఆధారమైన కాయిలు సుమారు నాలుగు ఆంపియర్లు పుచ్చుకొనునది ఆ దారినే. ఆకుపచ్చతీగ మేలు, అయినను ముదిరిన తాళపుస్విచ్చి కాంటాక్టులపై క్రొత్త బరువు మోపుటయే యగును.

ఇందులకు రిలే యను చిన్న డబ్బీ ఉన్నది. వెనుకటికి కరణము సంతకము చేసెడివాడు, మూటలు మోసెడివారు వేరు, ఇదియు నట్టిదే. ఆకుపచ్చతీగనుండి ఆంపియరులో అయిదవ వంతుకు మించని కరెంటు రిలేలోని 86వ కొనకు వచ్చి, 85వ కొన గుండా ఎర్తుకు పోవుచు, లోపలి తీగచుట్టను అయస్కాంతముగా మార్చును; అది 30, 87 కొనలను కలుపును. బ్యాటరీనుండి లావుతీగ 30కి వచ్చును, పరికరములకు 87నుండి పోవును. ఈ లావుతీగకు ఫ్యూజు బ్యాటరీ ప్రక్కనే యుండవలెను. ఏలయన ఫ్యూజు కాపాడునది తీగనే గాని పరికరమును కాదు. స్టీరియో పసుపుతీగ మాత్రము జ్ఞాపకశక్తి నిలుపుకొనుటకై ఎల్లప్పుడు బ్యాటరీతో నుండవలెను. ఎర్రతీగయే తాళము వెంట నడచునది.

మిక్కిలి పాత బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపియుండుట కలదు. అట్టిదానిలో, లోహపు కవచము ఎర్తుగా గల నేటి స్టీరియో నట్లు బిగించినంతనే షార్టగును. ముందుగా ఆ సంగతి చూచుకొనవలెను. డైనమో బండి అయినచో, నిలిచి తిరుగు ఇంజను దాదాపు ఏమియు ఛార్జు చేయదనియు గుర్తుంచుకొనవలెను.

ఇక మిగిలినది అహోబిలము చెట్టునీడన ఇంజను ఆపి పాటలు వినవలెనను సరదా. తాళము త్రిప్పియుంచినచో, డిస్ట్రిబ్యూటరులోని కాంటాక్టు పాయింట్లు మూసికొనియున్న వేళ కాయిలు ఊరక వేడెక్కి చెడును. సరే యని బ్యాటరీనుండి మరియొక స్విచ్చి తెచ్చి 86వ కొనకే కలుపుదురు కొందరు. అప్పుడు ఆ స్విచ్చి వేసియున్నంతవరకు కరెంటు ఆకుపచ్చతీగలో వెనుకకు నడచి, ఫ్యూజు దాటి, కాయిలును చేరి, తాళపుచెవి తీసినను ఇంజను ఆగదు. ఇండ్లలో మెట్ల దీపమునకు వాడు టూ-వే స్విచ్చి వంటిది పెట్టి, 86వ కొన ఒకసారి తాళమునకుగాని బ్యాటరీకిగాని, ఏదో యొకదానికే కలియునట్లు చేసినచో ఆ చిక్కు తీరును.