బండిలో పొగ వాసన: ఎక్కడి నుండి వస్తున్నది?

పెండ్లికైనా, తీర్థయాత్రకైనా, పిల్లల బడికైనా మన సరిహద్దు పల్లెల వారికి అద్దె జీపులు, వ్యానులే ఆధారం. ప్రయాణంలో పిల్లలు తలనొప్పి అన్నా, వాంతి చేసుకొన్నా "ప్రయాణం పడలేదు" అని సరిపెట్టుకొంటాము. అది నిజమే కావచ్చు. కాని ఇంజను పొగ బండి లోపలికి చేరినప్పుడు కూడ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఈ భేదమును గుర్తించుట ప్రాణరక్షణకు అవసరము.

కనబడని విషం

ఇంజను విడిచే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు తెలిసే పొగ వాసన ఇతర పదార్థాలది. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. అందువలన శరీరానికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, తల తిరుగుట, వికారము, మగత, చివరకు స్పృహ తప్పుట దీని వరుస. గర్భిణులకు, పసిపిల్లలకు అపాయం ఎక్కువ. డీజిల్ బండ్ల కంటే పెట్రోలు బండ్ల పొగలో ఈ వాయువు సాధారణంగా అధికము. గ్యాసుతో నడిచే బండ్లలో పొగ కంటికి కనబడనంత మాత్రాన నిర్భయంగా ఉండరాదు.

ఒకరికి మాత్రమే వాంతి అయితే ప్రయాణపు బాధ కావచ్చు. బండిలోని పలువురికి ఒకేసారి తలనొప్పి, మగత వచ్చి, క్రిందికి దిగి గాలి పీల్చగానే తగ్గితే బండిని అనుమానించాలి.

ఎప్పుడు వస్తున్నదో గమనించండి

బండి నిలిచి ఉండి, ఇంజను, ఫ్యాను నడుస్తున్నప్పుడు వాసన వస్తే లోపం సాధారణంగా ముందు భాగంలో ఉంటుంది. బయటి గాలి రాకుండ మీట త్రిప్పినప్పుడు వాసన తగ్గితే ఆ అనుమానం బలపడుతుంది. ఇంజనును సైలెన్సర్ గొట్టంతో కలిపే మానిఫోల్డ్ పగిలినా, దాని ప్యాకింగ్ చెడినా పొగ బానెట్ క్రింద చేరి గాలిదారిన లోపలికి వస్తుంది.

బండి పరుగెత్తేటప్పుడు, అందులోను వెనుక తలుపు లేదా డిక్కీ తెరచి ఉన్నప్పుడు మాత్రమే వస్తే కారణం వేరు. పరుగెత్తే బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి, తన పొగనే తాను లోపలికి లాగుకొంటుంది. వెనుక తలుపు రబ్బరు బీడింగ్ చిరిగినా ఇదే జరుగుతుంది.

అద్దాలు మూసినా, నిలిచినా, నడిచినా వాసన వదలకపోతే నేల రేకులోని త్రుప్పు రంధ్రాలను, గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు తొడుగును, గొట్టం అతుకులను పరిశీలించాలి. లారీల వెనుక వెళ్ళేటప్పుడు మాత్రమే వస్తే ఆ పొగ మన బండిది కాకపోవచ్చు.

వాసనలోను భేదం ఉన్నది. పచ్చి పెట్రోలు వాసన ఇంధనం కారుటకు గుర్తు. ఇంజను ఆపి దూరంగా జరగాలి. కాలిన నూనె వాసన వేడి భాగాలపై ఆయిల్ పడుటకు, తియ్యని వాసన కూలెంట్ కారుటకు సూచనలు.

ఇంటి వద్ద చేయదగిన పరీక్షలు

రాత్రివేళ ఒకరు లోపల టార్చి వెలిగించి, మరొకరు బయట తలుపుల చుట్టూ చూడాలి. వెలుగు వచ్చే చోట గాలీ వస్తుంది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే అది సులువుగా రారాదు. వచ్చినచో బీడింగ్ అరిగినట్లే.

ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, గొట్టం అతుకులపై సబ్బు నీళ్ళు పూసి ఇంజను స్టార్ట్ చేయాలి. బుడగలు లేచిన చోట పొగ కారుతున్నది. అతుకుల వద్ద నల్లని మసి, "టిక్ టిక్" శబ్దము కూడ గుర్తులే. గొట్టం వేడెక్కక ముందే పరీక్ష ముగించాలి. జాకీపై నిలిపిన బండి క్రిందికి దూరరాదు. గొట్టం మార్పు, వెల్డింగ్ పనులు మెకానిక్కే చేయాలి. పొగను కన్నడంలో "హొగె", తమిళంలో "పుగై", మరాఠీలో "ధూర్" అంటారు. సరిహద్దు దాటి వెళ్ళినా, ఎప్పుడు, ఏ వైపు నుండి వస్తున్నదో చెప్పగలిగితే అతని పని సగం తీరుతుంది.

కాలుష్య తనిఖీ పత్రం ఉన్నది కదా అని ధైర్యపడరాదు. ఆ పరీక్ష గొట్టం చివరి పొగనే కొలుస్తుంది; నడుమ కారేదానిని చూపదు.

అప్పటికప్పుడు చేయవలసినది

వాసన వచ్చిన వెంటనే ముందు అద్దాలన్నీ దించి, బండి ఆపి, ఇంజను కట్టి, అందరూ దిగాలి. వెనుక అద్దం మాత్రమే తెరచుట మేలు కాదు. ఎవరైనా మగతగా ఉంటే నిద్ర అనుకొనక 108కి ఫోను చేయాలి. చికిత్స ప్రాణవాయువే. వ్రేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఈ విషయంలో నమ్మదగినది కాదు. విషవాయువు పట్టిన రక్తాన్ని కూడ మంచిదిగానే చూపగలదు.

మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. ఏసీ వేసుకొని ఆగిన బండిలో నిద్రించరాదు. బడి వ్యానులో వెనుక సీటున కూర్చొనే పిల్లలను నేటి సాయంత్రమే అడగండి: "బండిలో పొగ వాసన వస్తున్నదా? తల నొప్పిగా ఉంటున్నదా?" వారి జవాబే మొదటి పరీక్ష.